సముద్రం అడుగు చూడాలంటే ఎక్కడ దిగాలి?



ప్రయాణాల్లోకి పచ్చళ్ళు, పొడులు ఎలా సర్దుకోవాలో ఆమధ్య చెప్పాను కదా, అది విని సూర్యాపేట నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పచ్చళ్ళ సంగతి ఆమె ఒక్క ముక్కయినా అడగలేదు. వాళ్ళబ్బాయికి ఉద్యోగం వచ్చిందట. సంక్రాంతి సెలవులకు తల్లిదండ్రుల్ని అండమాన్ తీసుకువెళతానంటున్నాడట. అక్కడ సముద్రంలో దిగి చేపల్ని, పగడాల్ని చూడొచ్చని కాగితాలు తెచ్చి చూపిస్తున్నాడట. "నాకు ఈత రాదు. మావారికి రక్తపోటు. వెళితే ఎక్కడ దిగాలి, అసలు దిగవచ్చా?" అని ఆమె ప్రశ్న.

నేను పెద్దవూర పిల్లను. బస్సెక్కితే నాగార్జునసాగర్ మాకు ఎంతో దూరం కాదు. చుట్టాలు ఎవరొచ్చినా సాగర్ చూపించడం మా ఇంట్లో ఆనవాయితీ. అయినా చూడండి, మా ఇంటి ఆడవాళ్ళం ఒక్కరం కూడా మోకాళ్ళ లోతు దాటి నీళ్ళలో దిగి ఎరుగం. "నీళ్ళకు నిప్పుకు చుట్టరికం లేదు" అని మా నాయనమ్మ గట్టు మీదే కూర్చోబెట్టేది. అందుచేత ఆ సోదరి భయం నాకు బాగా తెలుసు. పోయిన ఏడు మేం నలుగురం, అంటే నేను, మావారు, మా అక్క, బావ, అండమాన్ వెళ్ళి వచ్చాం. అక్కడ జరిగినది కూడా చెబుతాను, దాచుకోవలసింది ఏముంది?

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. నీటిలో చూడటానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి స్నార్కెలింగ్. కళ్ళూ ముక్కూ కలిపి కప్పే అద్దపు ముసుగు పెట్టుకుని, నోట్లో ఒక వంపు గొట్టం కరుచుకుని, నీటి మీద బోర్లా తేలుతూ కిందికి చూడటం. గొట్టం చివర నీటి పైన వుంటుంది కాబట్టి మామూలు గాలే పీలుస్తాం. రెండోది స్కూబా. వీపున సిలిండరు కట్టుకుని నిజంగానే అడుక్కు దిగటం. ఆ సిలిండరులో వుండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. కాదు, మనం పీల్చే మామూలు గాలినే ఒత్తిడితో కుక్కి నింపుతారు. మొదటిసారి దిగేవారిని శిక్షకుడు దగ్గరుండి పట్టుకుని, 12 మీటర్ల లోతు మించకుండా తిప్పి తీసుకువస్తాడు. పదేళ్ళు నిండని పిల్లల్ని ఇందులోకి రానివ్వరు.

పగడాలు లోతు లేని తేట నీటిలోనే బాగా పెరుగుతాయి కాబట్టి చాలాచోట్ల స్నార్కెలింగ్‌లోనే కావలసినంత కనిపిస్తుంది. సిలిండరు కట్టుకుంటేనే చూసినట్టు అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. మన సాగర్‌లోనే చేస్తే పోలేదా, ఇంత దూరం ఎందుకూ అని మా బావ ఒకసారి వేళాకోళం చేశాడు. ఆయన వేళాకోళంలోనూ కాస్త న్యాయం వుంది. ఆ నీళ్ళ కింద ఇక్ష్వాకుల విజయపురి లోయ మునిగి వుంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, తీయగలిగినవి తీసి, కొన్ని కట్టడాలను కొండ మీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. మిగిలిన లోయ అంతా నీటిపాలయింది. కాని జలాశయంలో బురద, లోతు, అడుగున ఏముందో తెలియని నేల. అక్కడ పడవెక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసి రావడమే మనకు తగిన పని.

తరువాత దగ్గరది విశాఖపట్నం. ఋషికొండ దగ్గర స్కూబా నేర్పేవారున్నారు. విజయనగరం జిల్లా చింతపల్లి తీరం దగ్గర మునిగిపోయిన ఓడ శిథిలం కూడా వుంది, దాన్ని చూడటానికి దిగేవారున్నారు. కాని అండమాన్ బొమ్మల్లో కనిపించే రంగురంగుల పగడపు తోట అక్కడ వుంటుందని ఆశపడి వెళ్ళకండి. పగడానికి వెచ్చని, ఉప్పని, తేట నీరు కావాలి, ఎండ అడుగుదాకా దిగాలి. మన కోస్తాలో గోదావరి, కృష్ణ, వంశధార, నాగావళి అన్నీ మట్టినీ మంచినీళ్ళనీ తెచ్చి సముద్రంలో కలుపుతాయి. మనకు పంట పండించే ఆ ఒండ్రే పగడానికి ఊపిరాడనివ్వదు. అందుకే మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధి పక్క, కచ్ సింధుశాఖ, ఈ కొద్ది చోట్లనే వున్నాయి. విశాఖలో రాళ్ళు, వాటి సందుల్లో చేపలు కనిపిస్తాయి. శీతాకాలం నుంచి ఎండలు ముదిరేలోపు నీరు కాస్త తేటగా వుంటుంది. సిలిండరు అలవాటు కావడానికి, తక్కువ ఖర్చులో ముచ్చట తీర్చుకోవడానికి అది చాలు.

విశాఖ అనగానే ఇంకో మాట చెప్పకుండా వుండలేను. ఆర్.కె. బీచిలోనూ, యారాడలోనూ స్నానానికని దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వారు ఎందరో. ఈత వచ్చినవారు కూడా. ఒడ్డుకు కొట్టిన అలల నీరంతా వెనక్కి పోవాలి కదా, అది ఒక సన్నని దారి చేసుకుని కాలువలా లోపలికి లాగుతుంది. పైకి చూస్తే అక్కడ అలలు తక్కువగా, నెమ్మదిగా వున్నట్టు కనిపిస్తుంది. నెమ్మదిగా వుంది కదా అని మనం సరిగ్గా అక్కడే దిగుతాం! ఆ లాగుడులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, అలసిపోతాం. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ దారి దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యెత్తి కేకవేయాలి. పిల్లలకు ఇది ఇంట్లోనే కంచంలో నీళ్ళు పోసి చూపించి మరీ చెప్పండి.

పడమటి తీరం సంగతి రెండు మాటల్లో చెబుతాను. కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి పడవలో నేత్రాణి దీవికి తీసుకువెళతారు. చేపలు బాగా కనిపిస్తాయంటారు, కాని పడవ మీదనుంచి నేరుగా లోతు నీటిలోకే దిగాలి, గుండెదిటవు లేనివాళ్ళం మనం గుడి చూసుకుని రావచ్చు. గోవాలో నీరు తరచు మబ్బుగా వుంటుంది. లక్షద్వీప్ అన్నిటికంటే అందమైనది అనవచ్చు. పళ్ళెం అంచులా చుట్టూ పగడపు దిబ్బ, మధ్యలో నిలకడైన లోతులేని మడుగు. ఈత రాని వారికి అంతకంటే మంచి చోటు లేదు. చిక్కేమిటంటే అక్కడికి వెళ్ళటానికి ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, కొచ్చి మీదుగా పోవాలి, బసలు తక్కువ, ఖర్చు ఎక్కువ. వానాకాలంలో ఆ ఊసే ఎత్తకూడదు. ఇంకా దూరం పోగలిగినవారికి, మారిషస్‌లో పందొమ్మిదో శతాబ్దం నుంచీ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి బ్లూ బే అనే చోట ప్రశాంతమైన మడుగు, అద్దపు అడుగున్న పడవలు వున్నాయి. చుట్టాలుంటే చూసి రండి.

మన ఉత్తరం సోదరి అడిగింది అండమాన్ కనుక అక్కడికే వద్దాం.

పేర్ల దగ్గర తికమక పడకండి. పోర్ట్ బ్లెయిర్‌ను 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. సాగర్ కింద మునిగింది విజయపురి, విమానం దిగితే శ్రీ విజయపురం, నాకు భలే తమాషాగా అనిపించింది. హేవ్‌లాక్‌ను 2018లో స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ దీవిని షహీద్ ద్వీప్ అనీ మార్చారు. టిక్కెట్ల మీద ఒక పేరు, మనుషుల నోట ఇంకో పేరు వుంటుంది. నేను పాత పేర్లే వాడతాను, మీకు తేలిగ్గా వుంటుంది.

పోర్ట్ బ్లెయిర్ ఎదురుగానే నార్త్ బే వుంది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్ల మధ్య దీపస్తంభం బొమ్మ వుండేది చూశారా, ఆ దీపస్తంభం ఇక్కడిదే. అందరూ మొదట ఇక్కడికే తీసుకువెళతారు, దగ్గర కనుక. జనం ఎక్కువ, తొందర ఎక్కువ. ఒకరి తరువాత ఒకరిని ముంచి లేపినట్టు వుంటుంది. మావారు దీన్ని పుష్కరస్నానం అన్నారు.

వండూరు దగ్గర మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానం వుంది, 1983లో ఏర్పాటు చేశారు. అక్కడినుంచి పడవలో జాలీ బాయ్ దీవికి పంపుతారు. దానికి విశ్రాంతినిచ్చే నెలల్లో రెడ్ స్కిన్ అనే దీవికి పంపుతారు. లోపలికి ప్లాస్టిక్ తీసుకుపోనివ్వరు. మన పులిహోర పొట్లం కూడా ఆకులోనో స్టీలు డబ్బాలోనో కట్టుకోవాలి. అద్దపు అడుగు పడవ వుంటుంది, అంటే రక్తపోటు ఉన్నవారు, నడుంనొప్పి ఉన్నవారు బట్ట తడవకుండా కూర్చునే పగడాలు చూడొచ్చు. మా బావ అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను అక్కడే చూశాను.

హేవ్‌లాక్‌లో పేరుమోసిన రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేటిదని మెచ్చుకుంది. అది సూర్యాస్తమయానికి, ఇసుకలో నడకకి. స్నార్కెలింగుకి ఎలిఫెంట్ బీచికి వెళ్ళాలి, పడవలోనైనా అడవి దారినైనా. స్కూబా నేర్పేవారు ఎక్కువగా వున్నది కూడా హేవ్‌లాక్‌లోనే. నీల్ దీవి చిన్నది, నెమ్మదిగా వుంటుంది. అక్కడి భరత్‌పూర్ తీరంలో ఒడ్డునుంచి కొంచెం దూరంలోనే పగడాలున్నాయి. ఐతే పోటుపాటులు చూసుకోవాలి. పాటు వేళ నీరు తీసిపోయి పగడాలు బయటపడతాయి, పడవలు నిలబడిపోతాయి. పున్నమి, అమావాస్యల దగ్గర ఈ తేడా మరీ ఎక్కువ. మన పంచాంగం అక్కడ కూడా పనికివస్తుందన్నమాట. బస చేసినచోట "రేపు పోటు ఎన్ని గంటలకు?" అని అడిగితే చెబుతారు. కొన్ని తీరాల్లో మొసళ్ళ హెచ్చరిక బోర్డులుంటాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు, 2010లో హేవ్‌లాక్‌లోనే మొసలి ఒక యాత్రికురాలిని చంపింది.

ఏ కాలంలో వెళ్ళాలంటే, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచిది. మే నడిమికి నైరుతి వానలు వచ్చేస్తాయి. ఎక్కడైనా సరే, గాలి లేవకముందు పొద్దుటిపూట దిగండి.

ఇప్పుడు మా సంగతి. మా అక్కకు చిన్నప్పటినుంచీ ఆయాసం. చలికాలంలో పీల్చే మందు కొంగుకు కట్టుకున్నట్టే తిరుగుతుంది. హేవ్‌లాక్‌లో స్కూబాకి డబ్బు కట్టేచోట ఒక ఫారం ఇచ్చారు. గుండె జబ్బు, ఆయాసం, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం, వాడే మందులు ఇలా వరుసగా ప్రశ్నలు. బల్ల దగ్గర కూర్చున్న అతను "అన్నిటికీ నో అని కొట్టేయండమ్మా, యెస్ అంటే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు" అన్నాడు. అక్క నో కొట్టింది. నేను పక్కనే వున్నాను. చూశాను, ఊరుకున్నాను. పాతికేళ్ళ కాపురంలో అది తనకోసం అంటూ ముచ్చటపడి అడిగింది ఇదొక్కటే. ఎలా కాదనేది?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అక్కడి గోడ మీదే ఒక బొమ్మ చూశాను. పది మీటర్ల లోతున ఒత్తిడి నేల మీది ఒత్తిడికి రెండింతలుంటుంది. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు ఉబ్బుతుంది. అందుకే పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, వదులుతూ రావాలి అంటారు. మరి ఆయాసం మనిషికి ఊపిరిగొట్టాలు బిగుసుకుపోయి గాలి లోపలే చిక్కుకుంటే? వెయిటు ఇరుక్కున్న కుక్కరు ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

పొద్దున్నే ఒడ్డున శిక్షకుడు కుర్రాడితో చెప్పేశాను. అతను ఫారం చించేసి, "అమ్మా, మీ డాక్టరు రాసి ఇస్తే ఇంకోసారి రండి, ఈసారికి కుదరదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. డబ్బులో సగమే తిరిగి వచ్చింది. అక్క మాత్రం, "ఇంత పైసలు పెట్టుకొని వచ్చి ఒడ్డు మీద కూసుండుటానికా? నువ్వు నా చెల్లెవా, పోలీసువా?" అని మధ్యాహ్నం భోజనం దాకా మాట్లాడలేదు. నేనూ దిగలేదు. దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి ఎలా పోను? కనుక స్కూబా గురించి నేను చెప్పేదంతా మావారి ద్వారా తెలిసిందే.

మావారు దిగారు. కొంచెం లోతుకు పోగానే చెవులు పోటెత్తాయట. ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదితే తెరుచుకుంటాయి. జలుబు వుంటే తెరుచుకోవు, ఆ రోజు మానేయాలి. ఈతకళ్ళద్దాలు కాక ముక్కు కూడా కప్పే ముసుగు ఎందుకిస్తారంటే, ముసుగులోకి ముక్కుతో గాలి వదిలి ఒత్తిడి సర్దుకోవడానికి. అడుగున రంగు చేపలు చూసి ఆనందం పట్టలేక మావారు బొటనవేలు పైకెత్తి "బ్రహ్మాండం" అని చూపించారు. శిక్షకుడు వెంటనే పైకి తీసుకువచ్చేశాడు! నీటిలో బొటనవేలు పైకెత్తితే "పైకి పోదాం" అని అర్థమట. బాగుంది అనటానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఆ రెండు నిమిషాల చేపలు పోయాయని ఆయన ఇప్పటికీ బాధపడుతుంటారు.

ఇంకొకటి, స్కూబా చేసినరోజే విమానం ఎక్కకూడదు. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఎత్తుకు పోతే గోలీసోడా కొట్టినట్టు బుడగలు లేస్తాయి. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు ఆగాలంటారు. మీరు పూర్తిగా ఒకరోజు వదిలిపెట్టండి. ప్యాకేజీ వేసేవారు చివరిరోజు స్కూబా పెడితే ముందుకు మార్పించుకోండి. స్నార్కెలింగుకి ఈ గొడవ లేదు.

మరుసటి రోజు నీల్ దీవి. ఈలోగా హైదరాబాదులో అక్కను చూసే డాక్టరుకి ఫోను చేశాం. ఒంట్లో బాగుంటే లోతులేని చోట, తేలే చట్టాతో, పీల్చేమందు పడవలో పెట్టుకుని, పక్కన మనిషితో స్నార్కెలింగ్ చెయ్యవచ్చన్నారు. అది అక్క ఒంటికి ఇచ్చిన సలహా. మీది మీరు అడగండి. పడవవాడు మన తెలుగువాడే. శ్రీకాకుళం వైపునుంచి పోయి స్థిరపడిన వారు అక్కడ చాలామంది వున్నారు. అక్క కర్రలా బిగుసుకుపోయి నీళ్ళు తాగుతుంటే, "ఒళ్ళు ఒగ్గీయండమ్మా, నీరే మోస్తాది" అన్నాడు. నిజమే. ఉప్పునీరు మంచినీటికంటే బరువు, మనిషిని తేలిగ్గా తేలుస్తుంది. బిగుసుకున్నవారే మునుగుతారు. అక్క ఒళ్ళు వదిలింది. తల నీటిలో పెట్టింది. ఇక ఎంతసేపైనా తల ఎత్తదే! నా గుండె నా చేతిలో లేదు. చివరకు ఎత్తి, గొట్టం తీసి, "చిలకలే, నీళ్ళల్ల చిలకలున్నయి!" అని అరిచింది. పగడాన్ని ముక్కుతో కొరుక్కుతినే పచ్చటి చిలకచేపలు అవి.

పగడం రాయి కాదు, జీవి. దాని ఒంట్లో వుండే సూక్ష్మమైన నాచే దానికి రంగూ, తిండీ ఇస్తుంది. నీరు వేడెక్కితే ఆ నాచు వెళ్ళిపోయి పగడం తెల్లబోతుంది. అండమాన్‌లో 2010లో అలా చాలా తెల్లబోయాయి. కొన్నిచోట్ల మీకు బూడిదరంగు దిబ్బలే కనిపిస్తే మోసపోయామనుకోకండి, అదీ సంగతి. దాని మీద కాలుపెట్టి నిలబడకండి, దానికీ దెబ్బే, మన కాలుకీ కోతే. రాలిన ముక్కైనా దేవుడిగదిలోకని మూటకట్టకండి. వన్యప్రాణి చట్టం కింద అది నేరం, విమానాశ్రయంలో పెట్టెలు విప్పిస్తారు.

సరంజామా గురించి. ముసుగు ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చి చేతులు వదిలేయండి. పడకుండా అంటుకుంటే అది మీకు సరిపోయినట్టు. నుదుటి మీద వెంట్రుకలు అంచుకింద పడితే నీళ్ళు కారతాయి. అంటించే బొట్టు కూడా అంతే, తీసి అద్దానికి అంటించుకోండి. మీసాలున్న మగవారికి కింద నుంచి కారుతుంది, పాపం. చీర, చున్నీ వద్దు. ఒంటికి పట్టే పొడుగుచేతుల చొక్కా, కాళ్ళకు లెగ్గింగు వేసుకుంటే మర్యాదా దక్కుతుంది, వీపు ఎండకు కమలదు. పుస్తెలతాడు పొడుగుదైతే చొక్కా లోపల దోపుకుని పిన్ను పెట్టుకోండి.

డబ్బు కట్టేముందు అడగండి. ఒక్కో శిక్షకుడికి ఎంతమంది? (స్కూబాకి మొదటిసారైతే ఒక్కరికి ఒక్కరు వుండాలనే పట్టుపట్టండి.) పడవలో ఆక్సిజన్ వుందా? గాలి లేచి మానేస్తే డబ్బు ఇస్తారా? ఫారం ముందు రోజే ఇవ్వగలరా, చదువుకుని నింపుతాం? ఈ ఆఖరి ప్రశ్నకి విసుక్కునేవారి దగ్గర దిగకండి.

సూర్యాపేట సోదరికి: మీవారి డాక్టరుకి ప్రయాణానికి ముందే చూపించండి, ఆ మందుల చీటీ వెంట వుంచుకోండి. ఆయన స్కూబా మాట డాక్టరు చెప్పేదాకా ఎత్తవద్దు. జాలీ బాయ్ తెరిచివుంటే అక్కడ అద్దపు పడవ ఎక్కించండి. నీల్‌లో ఒకటి కాదు, రెండు రాత్రులు వుండేలా అబ్బాయితో టిక్కెట్లు వేయించండి, ఒకరోజు గాలి వీచినా రెండోరోజు మిగులుతుంది. మీరు మాత్రం దిగండి. సంక్రాంతి ఇంకా దూరముంది కనుక ఈలోగా దగ్గర్లో ఈతకొలను వుంటే నడుంలోతులో నిలబడి, ముసుగు పెట్టుకుని నోటితో ఊపిరి తీయటం వారం రోజులు అలవాటు చేసుకోండి. వచ్చాక ఏం కనిపించిందో ఉత్తరం రాయండి. మా అక్క కూడా వింటానంది.